నవ్వే గోడ పాతబస్తీకి ఎప్పుడు దక్కుతుంది?

పౌరుడు తన కష్టాన్ని ప్రభుత్వానికి చెప్పుకొనే మార్గాలు మనకు తెలిసినవే. అర్జీ పెట్టుకోవడం, ధర్నాకు కూర్చోవడం, పత్రికకు లేఖ రాయడం, ఐదేళ్ళకొకసారి ఓటు వేయడం. వీటి సరసన మరొక మార్గాన్ని కూడా చేర్చుకోవాలని మేము ఈ వ్యాసంలో విన్నవించదలచాము. అది వీధిలో వేసిన హాస్యచిత్రం. ఇది తేలిక విషయమని తోసిపుచ్చేవారు ఉంటారు. నగరపు గోడ మీద నవ్వించే హక్కు ఎవరికి ఉన్నది, ఎవరికి లేదు అన్న ప్రశ్న వేసుకుంటే, ఈ నగరంలో పూర్తి పౌరుడు ఎవరు, సగం పౌరుడు ఎవరు అన్న ప్రశ్నకు సమాధానం అక్కడే దొరుకుతుందని మా అభిప్రాయం.

మన పొరుగు రాష్ట్రంలో జరిగిన సంగతితో మొదలుపెడదాం. 2015 జూన్‌లో బెంగుళూరులోని సుల్తాన్‌పాళ్య ప్రధాన రహదారిపై సుమారు 12 అడుగుల గుంత ఒకటి ఉండేది. పైపు పగిలి రోడ్డు కుంగిపోయింది. స్థానికులు ఎంత మొరపెట్టుకున్నా పని జరగలేదు. మైసూరుకు చెందిన చిత్రకారుడు బాదల్ నంజుండస్వామి ఒకనాడు అక్కడికి వచ్చి ఆ గుంతకు చెరువులా రంగులు వేసి, అందులో నిలువెత్తు మొసలి బొమ్మను పెట్టి వెళ్ళారు. ఆ మొసలి బరువు దాదాపు 20 కిలోలు, ఖర్చు సుమారు 6,000 రూపాయలు. దారిన పోయేవారు నిలబడి నవ్వుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. పత్రికలు, టీవీలు ఆ మొసలిని దేశమంతా చూపించాయి. ఎన్నో వినతులకు కదలని నగరపాలక సంస్థ కొద్ది రోజుల్లోనే కదలి వచ్చి రోడ్డు బాగుచేసింది.

2019 సెప్టెంబరులో, చంద్రయాన్-2 చంద్రుని చేరబోతున్న రోజుల్లో, ఆయనే మరో పని చేశారు. వ్యోమగామి దుస్తులు వేసుకున్న నటుడు ఒకరు గుంతలు పడిన నేలమీద మెల్లమెల్లగా అడుగులు వేస్తుంటే వీడియో తీశారు. చూసేవారికి అది చంద్రమండలమే అనిపిస్తుంది. ఇంతలో పక్కనుంచి ఒక ఆటో దూసుకుపోతుంది! అప్పుడు తెలుస్తుంది అది బెంగుళూరు రోడ్డని. ఆ వీడియోను దేశవిదేశాలలో లక్షలాది మంది చూశారు. అధికారులు వెంటనే మరమ్మతు పనులు మొదలుపెట్టారు.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసి పదవీ విరమణ పొందినవారము కాబట్టి, ఈ మొసలి ఎందుకు గెలిచిందో మాకు కొంత అర్థమవుతుంది. అర్జీని చదివేవాడు ఒక్కడే. ఇన్వర్డు నంబరు పడుతుంది, దస్త్రం ఒక బల్ల మీదనుంచి మరో బల్ల మీదకు పోతుంది, ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి కింది కార్యాలయానికి పంపుతారు. కింది కార్యాలయం ‘నివేదిక సమర్పించడమైనది’ అని పైకి పంపుతుంది. కాగితం మీద పని పూర్తవుతుంది, గుంత మాత్రం గుంతలాగే ఉంటుంది. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పి ఉండరు. ఆ అర్జీకి సాక్షులు లేరు, అంతే. నడివీధిలోని మొసలికి ఊరంతా సాక్షి. దానిని ‘తగు చర్య నిమిత్తం’ ఇంకొకరికి పంపడానికి వీలులేదు. కోపగించుకుంటే నవ్వు రెట్టింపవుతుంది. బొమ్మను తీసివేసినా గుంత కనబడుతూనే ఉంటుంది. గుంతను పూడ్చడం ఒక్కటే మిగిలే దారి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఆ మొసలిని తాలాబ్‌కట్టాలోనో, కిషన్‌బాగ్‌లోనో, యాకుత్‌పురా సందులోనో పెట్టాలని ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఒకడు అనుకున్నాడని ఊహించండి. అతడికి కావలసిన గుంతలకు, పొంగిపొర్లే మ్యాన్‌హోళ్ళకు మన పాతబస్తీలో కొరత లేదు. 2020 అక్టోబరు వరదలలో అల్ జుబైల్ కాలనీ, హఫీజ్‌బాబానగర్ ఇళ్ళలోకి నీరు వచ్చి నిలిచినప్పుడు మన ప్రాంతపు నాలాల సంగతి రాష్ట్రమంతా చూసింది. చెప్పవలసిన విషయం పుష్కలంగా ఉంది. చెప్పగల నాలుక అంతకన్నా పదునుగా ఉంది. మరి ఆ కుర్రవాడు తెల్లవారుజామున రంగుడబ్బా పట్టుకొని వీధిలోకి వస్తే అతడికి ఎదురయ్యేది ఏమిటి?

మొదట ఇంట్లో తల్లి ఎదురవుతుంది. ‘నీకెందుకు బేటా, పోలీసులు పట్టుకుపోతారు’ అంటుంది. ఆ తల్లిని పిరికిదని ఎవరు అనగలరు? అర్ధరాత్రి ఇంటి ముందరి అరుగు మీద కూర్చున్నందుకే యువకులను స్టేషనుకు తీసుకుపోయి, తల్లిదండ్రులను పిలిపించి, కౌన్సెలింగ్ ఇచ్చి పంపిన ‘ఆపరేషన్ చబుత్రా’ చూసిన బస్తీ ఇది. అరుగు మీద ఖాళీ చేతులతో కూర్చున్నవాడికే ఆ మర్యాద జరిగితే, గోడ దగ్గర కుంచెతో నిలబడ్డవాడికి ఏం జరుగుతుందోనని ఆమె భయపడుతుంది. ఇక 1997 నాటి బహిరంగ స్థలాల వికృతీకరణ నిరోధక చట్టం ఉండనే ఉన్నది. గోడలను పాడుచేయకుండా చట్టం ఉండడం తప్పు కాదు. నాయకుల జన్మదిన శుభాకాంక్షల పోస్టర్లతో స్తంభాలన్నీ నిండిపోయినప్పుడు నిద్రపోయే చట్టం, కుర్రవాడి బొమ్మ దగ్గర మేలుకుంటుందన్న అనుమానమే మా బాధ.

హాస్యానికి శిక్ష పడిన ఉదాహరణలు కూడా జనం మనసులో ఉన్నాయి. 2021 జనవరి 1న ఇండోర్‌లో మునవ్వర్ ఫారూఖీ అనే హాస్య కళాకారుణ్ణి అరెస్టు చేశారు. మతభావాలను గాయపరిచాడని ఆరోపణ. సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చేదాకా నెలకు పైగా ఆయన జైలులో ఉన్నారు. 2022 ఆగస్టు 20న మన నగరంలోని శిల్పకళావేదికలో ఆయన ప్రదర్శన జరిగింది. అడ్డుకుంటామని బెదిరింపులు వచ్చినందువల్ల భారీ పోలీసు బందోబస్తు మధ్య జరిగింది. ఆ ప్రదర్శన జరిపించినందుకు ఈ నగరాన్ని మెచ్చుకోవాలి. అయితే ఒక మనిషి నాలుగు మాటలు చెప్పి నవ్వించడానికి అంత బందోబస్తు కావలసి వచ్చిందంటే, మన కుర్రవాడు ఏ ధైర్యంతో గోడ దగ్గరకు పోతాడు? పాతబస్తీలో బొమ్మ వేసినందుకు ఫలానావాణ్ణి జైలుకు పంపారని మేము అనడం లేదు. కుంచె పట్టకముందే భయం పట్టుకున్నదని అంటున్నాము. వేయని బొమ్మకు కేసు ఉండదు, దస్త్రం ఉండదు, గణాంకం ఉండదు. అందుకే ఈ నష్టం ఎవరి లెక్కలోకీ రాదు.

మన తెలుగునాట ఒక లోకరీతి ఉంది. వరసైనవారితోనే పరాచికం. బావతో, మరదలితో, మేనమామతో వేళాకోళమాడతాం. ముక్కూమొహం తెలియని వానితో ఆడము, ఆడితే తగాదా వస్తుంది. బెంగుళూరు చిత్రకారుడు నగరపాలక సంస్థతో పరాచికమాడాడంటే, ఆ సంస్థ తనదని, తాను ఆ ఇంటివాడినని అనుకున్నాడు కాబట్టే ఆడాడు. సంస్థ కూడా ఆ వరసను ఒప్పుకున్నది కాబట్టే కేసు పెట్టకుండా రోడ్డు వేసింది. పాతబస్తీ పిల్లవాడు ప్రభుత్వంతో పరాచికమాడడానికి జంకుతున్నాడంటే, తనకు ఆ వరస ఉన్నదో లేదో అతడికి నమ్మకం కలగలేదని అర్థం. ఆ నమ్మకం కలిగించవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

హాస్యం మనకు రానిది కాదు. ఈ దేశంలో దక్కనీ భాషకున్నంత నవ్వు మరే మాండలికానికైనా ఉన్నదా అన్నది సందేహమే. సులేమాన్ ఖతీబ్ దక్కనీలో రాసిన హాస్య కవితలు నేటికీ మన ఇళ్ళలో నోటికి వస్తాయి. ‘జిందా దిలానె హైదరాబాద్’ సంస్థ 1962లో ఏర్పడి హాస్య సభలకు ఈ నగరాన్ని రాజధానిగా నిలిపింది. 1968లో మొదలైన ‘షుగూఫా’ కేవలం హాస్యానికే అంకితమై దశాబ్దాలపాటు వెలువడింది. ‘సియాసత్’ పత్రికలో హాస్య శీర్షికతో కలం పట్టిన ముజ్తబా హుస్సేన్‌కు 2007లో పద్మశ్రీ దక్కింది. ఉర్దూలో దీనిని తంజ్-ఒ-మిజాహ్ అంటారు. వ్యంగ్యమూ హాస్యమూ జంటగా నడిచే సాహిత్య శాఖ అది.

అయితే ఈ నవ్వు అంతా సభా మందిరాలలో, పత్రికల పుటలలో, ఇంటి అరుగుల మీద ఉండిపోయింది. మనది మనమే విని మనమే నవ్వుకున్నాం. మూసీ దాటి అవతలి ఒడ్డున ఉన్న తెలుగు పాఠకునికి అది చేరలేదు. అతడికి పాతబస్తీ అంటే చార్మినార్, బిర్యానీ, లేదా కర్ఫ్యూ. గోడకు ఆ అడ్డు లేదు. ఉర్దూ రానివాడు కూడా బొమ్మ చూసి నవ్వగలడు. టికెట్టు కొననక్కర లేదు, పత్రికకు చందా కట్టనక్కర లేదు. అసలు గోడ మీద హాస్యం మనకు పూర్తిగా కొత్త కూడా కాదు. మూత్ర విసర్జన చేయరాదని ఎన్నిసార్లు రాసినా ఎవరూ వినకపోతే, ‘చూడండి, గాడిద మూత్రం పోస్తున్నది’ అని గోడ మీద రాసిన మహానుభావుడెవరో కాని, అతడే మన మొదటి వీధి హాస్య రచయిత. బొమ్మ కూడా అక్కరలేకుండా నిలబడినవాణ్ణే బొమ్మను చేశాడు.

ఆ నాలుక నేడు కుంచె పడితే ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు. దక్కనీలో ‘పర్సోం’ అంటే మొన్న కావచ్చు, పదేళ్ళ క్రితం కావచ్చు. ఏళ్ళతరబడి తెరిచి ఉన్న నాలా పక్క గోడ మీద ఒక పెద్ద గడియారం బొమ్మ వేసి, అంకెలకు బదులు పన్నెండు చోట్లా ‘పర్సోం’ అని ఉర్దూలో, తెలుగులో రాస్తే చాలు. కాంట్రాక్టరు పేరు రాయనక్కర లేదు, అధికారిని తిట్టనక్కర లేదు. ఆ దారిన పోయే ప్రతివాడికీ అర్థమవుతుంది.

ఇక నగరంలో ఇంతవరకు జరిగిన మంచి ప్రయత్నాన్ని కూడా చెప్పుకోవాలి. ఇది పాతబస్తీలో జరిగినది కాదు. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ హైదరాబాదులో వీధి చిత్రకళా ఉత్సవం జరిపినప్పుడు, రాజ్‌భవన్ దాపున, రైలు పట్టాల పక్కన ఉన్న ఎం.ఎస్. మక్తా అనే బస్తీ గోడలను దేశవిదేశాల చిత్రకారులు రంగులతో నింపారు. మన నగరానికే చెందిన స్వాతి, విజయ్ దంపతులు తెలంగాణ స్త్రీల ముఖాలను నిలువెత్తు గోడల మీద గంభీరంగా చిత్రించి పేరు తెచ్చుకున్నారు. పేదల బస్తీ గోడ కూడా నిలబడి చూడదగినదే అని నగరం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

అయినా అది తొలి మెట్టు మాత్రమే. బస్తీవాడి గోడ మీద బొమ్మ పడడం ఒకటి, బస్తీవాడే బొమ్మ వేయడం మరొకటి. నగర సుందరీకరణ పేరిట ప్రహరీల మీద, వంతెనల స్తంభాల మీద మనం చూసే బొమ్మలను గుర్తు చేసుకోండి. చార్మినార్, గాజులు, ముత్యాలు, ఇరానీ చాయ్, స్వచ్ఛత నినాదం. ఇవి వచ్చిపోయే అతిథి కోసం వేసిన బొమ్మలు. ఆ బొమ్మలో పాతబస్తీ ఉంటుంది, పాతబస్తీవాడి మాట ఉండదు. మన ఇంట్లో మనమే అలంకార వస్తువులమయ్యాము.

మనల్ని అలంకారంగా చూసేవారికి మన మాట ఎట్లా వినబడదో తెలిపే ముచ్చట ఒకటి ఉంది. 2015లో ‘హోమ్‌ల్యాండ్’ అనే అమెరికా టీవీ ధారావాహిక కోసం బెర్లిన్‌లో ఒక అరబ్బు శరణార్థి శిబిరం సెట్టు వేశారు. గోడలు నిజంగా ఉన్నట్టు కనబడాలని అరబీ రాతలు రాయడానికి హెబా అమీన్, కారమ్ క్యాప్, స్టోన్ అనే ముగ్గురు కళాకారులను పిలిచారు. అరబ్బులను, ముస్లింలను ఆ ధారావాహిక వికారంగా చూపుతున్నదని ఎప్పటినుంచో విమర్శ ఉంది. ఆ ముగ్గురు ఆ గోడల నిండా ఈ ధారావాహిక జాతివివక్షతో కూడినదని, ఇదొక హాస్యమే కాని మాకు నవ్వు రాలేదని అరబీలో రాశారు. తీసినవారిలో ఒక్కరూ చదవలేదు. ఆ రాతలు అట్లాగే ప్రసారమైపోయాయి. లిపిని నగగా చూసేవాడికి అందులోని మాట కనబడదు. మన రాష్ట్రంలో 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేశారు. సంతోషం. కాని ప్రభుత్వ బోర్డుల మీద ఉర్దూ అక్షరాలు తప్పులతో వేలాడుతున్నప్పుడు, ఇక్కడ కూడా అది నగగానే పెట్టినదని తెలిసిపోతుంది.

ఈ వాదానికి ఎదురయ్యే అభ్యంతరాలు మాకు తెలియనివి కావు. మన పెద్దలలో కొందరు ప్రాణుల బొమ్మలు మనకు తగవంటారు. వారి భావాన్ని మేము గౌరవిస్తాము. గడియారానికి, గుంతకు, నాలాకు, కుళాయికి ప్రాణం లేదు కదా. నాలుగు శతాబ్దాలుగా అక్షరాన్నే బొమ్మగా మలచిన నగరం మనది. ఒక జనం మరొక జనాన్ని ఎగతాళి చేయరాదని ఖుర్ఆన్ హుజురాత్ అధ్యాయంలో చెప్పింది. కనుక ఏ మతాన్నీ, కులాన్నీ, ఆడవారినీ, శారీరక లోపాన్నీ వెక్కిరించే బొమ్మకు మేము అడ్డుపడతాము. మేము కోరేది కష్టంలో ఉన్నవాడు తన కష్టం మీద, తనను కష్టపెట్టిన నిర్లక్ష్యం మీద నవ్వే హక్కు. మసీదు, దర్గా, గుడి, చారిత్రక కట్టడాల గోడల జోలికి ఎవరూ పోరాదు. డంగుసున్నం గోడకు నేటి రంగు పూస్తే ఆ గోడ పాడవుతుంది కూడా.

మరికొందరు ఇది నవ్వే కాలమా అంటారు. మెట్రో కోసం దారుల్‌షిఫా నుంచి షాలిబండ వరకు ఇళ్ళు, దుకాణాలు కూల్చినచోట బొమ్మల ముచ్చటేమిటంటారు. వారికి ముజ్తబా హుస్సేన్ జీవితమే జవాబు. జీవితమంతా నవ్వించిన ఆ పెద్దమనిషి, పౌరసత్వ సవరణ చట్టంపై దేశం అట్టుడుకుతున్న 2019 డిసెంబరులో, ఎనభై ఏళ్ళు దాటిన వయసులో, తన పద్మశ్రీని తిరిగి ఇచ్చివేస్తానని ప్రకటించారు. 2020 మేలో కన్నుమూశారు. నవ్వించేవాడు బాధను మరచినవాడు కాడు. బాధను తలెత్తుకొని చెప్పగలిగినవాడు.

కాబట్టి మేము కోరుతున్నవి ఇవి. మొదటిది, నగరపాలక సంస్థ పాతబస్తీలోని ప్రతి డివిజనులో పాఠశాల ప్రహరీ, నీటి ట్యాంకు, వంతెన స్తంభం వంటి కొన్ని గోడలను స్థానిక చిత్రకారులకు కేటాయించాలి. ఒక్క దరఖాస్తుతో, నిర్ణీత గడువులో లిఖిత అనుమతి ఇవ్వాలి. దాని ప్రతి ఒకటి పోలీసు స్టేషనుకు పోవాలి. అర్ధరాత్రి ఆ కాగితం చూపితే పిల్లవాణ్ణి ఇంటికి పంపాలి, స్టేషనుకు కాదు. అనుమతి నిరాకరిస్తే కారణం రాసి ఇవ్వాలి.

రెండవది, పౌర సేవల లోపాన్ని ఎత్తిచూపిందన్న కారణంతో ఏ బొమ్మనూ తిరస్కరించరాదు, చెరపరాదు. ప్రభుత్వాన్ని పొగిడే బొమ్మకు మాత్రమే అనుమతి ఉన్నప్పుడు దానిని అనుమతి అనరు.

మూడవది, సుందరీకరణకు కేటాయించే డబ్బులో స్థానికులకు వాటా ఉండాలి. ఫ్లెక్సీలు వచ్చి బోర్డులు రాసే పెయింటర్ల చేతిపని పోయింది. 1994లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేరు వచ్చి, ఆపైన కంప్యూటరు అక్షరం అంతటా పాకి, పత్రికలకు చేతితో రాసే కాతిబులకు పని లేకుండా పోయింది. ఛత్తాబజారు ముద్రణాలయాల చుట్టూ ఆ కళ తెలిసినవారు ఇంకా ఉన్నారు. వారిని గురువులుగా, బస్తీ యువతను శిష్యులుగా పెట్టి, మాసబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలిత కళల విశ్వవిద్యాలయం, ఉర్దూ అకాడమీ కలిసి శిక్షణ ఇవ్వవచ్చు. బొమ్మ మీద తెలుగు, ఉర్దూ రెండూ ఉండాలి, రెండూ తప్పులు లేకుండా ఉండాలి.

నాలుగవది ప్రభుత్వానికి కాదు, మనకు. బస్తీ కమిటీలు, పాఠశాలల యాజమాన్యాలు, ఇంటి యజమానులు తమ గోడలను తామే ముందుకు వచ్చి ఇవ్వాలి. గోడ యజమాని సమ్మతి కాగితం మీద పెద్దలు సాక్షి సంతకం చేయాలి. మా వంటి పదవీ విరమణ చేసినవారు బొమ్మ వేసే రాత్రి ఆ పిల్లల పక్కన కుర్చీ వేసుకొని కూర్చోవాలి. నెరిసిన గడ్డం పక్కన ఉంటే గస్తీ కానిస్టేబులు గొంతు కొంత తగ్గుతుందని మా నమ్మకం. దరఖాస్తు ఎట్లా రాయాలో, ఏ సెక్షను కింద అడగాలో చెప్పడానికి దస్త్రాలతో జీవితం గడిపినవారు ప్రతి బస్తీలో నలుగురైనా ఉంటారు. ఆ విద్య ఇప్పుడు పనికిరాకపోతే ఎప్పుడు పనికివస్తుంది?

పాతబస్తీ గోడ మీద ఒక పిల్లవాడు మునిసిపాలిటీని ఆటపట్టించిన రోజున, కమిషనరు ఆ దారిన పోతూ కారు ఆపి చూసి, నవ్వి, నాలాకు మూత వేయించిన రోజున, ఈ నగరంలో వరస కలిసిందని అనుకోవచ్చు. అంతవరకు మన నవ్వు అరుగుల మీదనే ఉంటుంది, నాలా తెరిచే ఉంటుంది.